అంకెలన్నీ కరెక్టే, పాటే రావడం లేదు

ప్రశ్న: అన్నా, నేను తిరుపతిలో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నా. మా హాస్టల్ సీనియర్ ఒకాయన కోర్సు అయిపోయి వెళ్లిపోతూ తన బేస్ గిటార్ నాకు ఆరు వేలకు ఇచ్చేశాడు. మూడు నెలలుగా నెట్‌లో ట్యాబ్‌లు (ఏ తీగ మీద ఎన్నో ఫ్రెట్ నొక్కాలో అంకెలతో రాసిన కాగితాలు) చూసి రాక్ పాటలు నేర్చుకుంటున్నా. 'సెవెన్ నేషన్ ఆర్మీ', 'విత్ ఆర్ వితౌట్ యూ' మొత్తం అంకెలు కంఠతా వచ్చేశాయి, ఇంకో రెండు మొదలుపెట్టా. ఎక్కడా తప్పు ఫ్రెట్ నొక్కడం లేదు. అయినా నేను ఒక్కణ్ణే వాయిస్తే అది ఏ పాటో రూమ్మేట్‌కి తెలియడం లేదు. బ్యాండ్‌తో వాయిస్తే మా డ్రమ్మర్ మధ్యలో ఆపేసి నా వైపు చూస్తాడు, ఏమీ అనడు, అదే టెన్షన్. మా అమ్మ అన్నమయ్య కీర్తనలు పాడుతుంది. 'స్వరం తెలియకుండా అంకెలు చూసి వాయించేది ఏం సంగీతంరా' అంటుంది. చిన్నప్పుడు ఆమె దగ్గరే సరళీ స్వరాలు, జంట స్వరాల దాకా నేర్చుకుని వదిలేశా. రెండు నెలల్లో కాలేజీ ఫెస్ట్. ట్యాబ్ వదిలేసి స్టాఫ్ నొటేషన్ (పాశ్చాత్య సంగీతం రాసే ఐదు గీతల లిపి) నేర్చుకోవాలా, క్లాసుకి పోవాలా? నేను వాడుతున్న ట్యాబ్ ఫొటో ఒకటి పంపుతున్నా, చూడు అన్నా.

సమాధానం:

తమ్ముడూ, ముందు ఆ డ్రమ్మర్‌ని తీసుకెళ్లి టీ తాగించు. నీ మూడు నెలల కష్టంలో తేడా ఎక్కడుందో కనిపెట్టినవాడు అతనొక్కడే, ఎలా చెప్పాలో తెలియక ఊరికే చూస్తున్నాడు పాపం. నువ్వు నొక్కే చోటు కరెక్టు, నొక్కే టైము కరెక్టు కాదు. నీ ఉత్తరం మొత్తంలో ఫ్రెట్ అనీ అంకె అనీ ఉంది కానీ తాళం అన్న మాట ఒక్కసారి కూడా లేదు, గమనించావా? సరళీ స్వరాలు నేర్చుకున్న పిల్లాడివి, తొడ మీద చెయ్యి వెయ్యకుండా మీ అమ్మ నీ చేత ఒక్క వరుసైనా పాడించి ఉంటుందా?

ట్యాబ్ అంటే ఏమిటో ఒకసారి మళ్లీ చూద్దాం, నీకు తెలిసినదే అయినా. నాలుగు అడ్డగీతలు, నాలుగు తీగలు. అన్నిటికన్నా కింది గీత లావు తీగ, పై గీత సన్న తీగ. మొదట్లో ఇది అందరికీ తలకిందులుగా అనిపిస్తుంది, ఎందుకంటే గిటార్ పట్టుకున్నప్పుడు లావు తీగ పైన ఉంటుంది కదా. గిటార్‌ని ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టి పైనుంచి చూడు, లావు తీగ నీ పొట్ట దగ్గరికి వస్తుంది, ట్యాబ్‌లో ఎలా ఉందో అలాగే. గీత మీద ఉన్న అంకె ఎన్నో మెట్టు, అంటే ఎన్నో ఫ్రెట్, నొక్కాలో చెబుతుంది. సున్నా అంటే ఏమీ నొక్కకుండా ఖాళీ తీగ, ఇంటూ గుర్తు ఉంటే తీగ మీద వేలు ఆనించి టక్‌మనిపించడం. లావు తీగ నుంచి పేర్లు ఈ, ఏ, డీ, జీ. తెలుగులో రాస్తే ఇది 'ఈ తీగ', 'ఏ తీగ' అయిపోయి ప్రశ్నలు అడుగుతున్నట్టు ఉంటుంది కాబట్టి నేను ఈ-తీగ, ఏ-తీగ అని మధ్యలో గీత పెట్టి రాస్తా, సర్దుకో.

అంతే, దీంట్లో ఇంకేమీ లేదు. ఎప్పుడు మీటాలి, ఎంతసేపు మోగనివ్వాలి, ఎప్పుడు నోరు మూయించాలి, ఈ మూడూ మామూలు టైపు చేసిన ట్యాబ్‌లో ఉండవు. అంకెల మధ్య ఖాళీ ఎక్కువ ఉంటే ఎక్కువ ఆగాలని కొందరు రాసేవాళ్లు ఒక అంచనాగా పెడతారు, కొందరు పేజీలో పట్టడానికి అన్నీ దగ్గరికి తోసేస్తారు, ఏది ఏదో నీకు తెలియదు. తమాషా ఏమిటంటే ట్యాబ్ పుట్టినప్పుడు ఇలా లేదు. యూరప్‌లో ల్యూట్ అనే తీగ వాద్యానికి 500 ఏళ్ల కిందటే ట్యాబ్ రాసేవాళ్లు, 1507లో వెనిస్‌లో ల్యూట్ ట్యాబ్ పుస్తకాలు అచ్చయ్యాయి కూడా, వాటిలో గీతల పైన ఏ స్వరం ఎంతసేపో చెప్పే గుర్తులు చక్కగా ఉండేవి. కంప్యూటర్ కీబోర్డు మీద అడ్డగీతలు, అంకెలు కొట్టి ఒకరికొకరు పంపుకోవడం మొదలయ్యాక ఆ గుర్తులు రాలిపోయాయి. కాబట్టి నువ్వు చదువుతున్నది సగం ట్యాబ్. గిటార్ ప్రో లాంటి సాఫ్ట్‌వేర్‌లో తెరిచే ఫైళ్లు దొరికితే అవి వాడు, వాటిలో అంకెల కింద కాలం గుర్తులు ఉంటాయి, నొక్కితే మోగి వినిపిస్తాయి కూడా.

ఇప్పుడు మీ అమ్మ మాటకు వస్తా, ఎందుకంటే ఆమె ఉన్నంతవరకు నీకు క్లాసు అక్కర్లేదనేదే నా అసలు అభిప్రాయం.

'సెవెన్ నేషన్ ఆర్మీ' తీసుకో. ట్యాబ్‌లో ఏ-తీగ మీద ఏడు అంకెలు: 7, 7, 10, 7, 5, 3, 2. దాదాపు పాట మొత్తం ఇదే తిరుగుతూ ఉంటుంది. నువ్వు ఈ ఏడింటినీ గోడ మీద మేకులు కొట్టినట్టు సమానంగా టక్ టక్ టక్ అని వాయిస్తున్నావని పందెం కాస్తా, రూమ్మేట్ గుర్తుపట్టకపోవడానికి కారణం అదే. ఏడో మెట్టుని షడ్జమం అనుకో. అప్పుడు ఈ ఏడు అంకెలు స, స, గ, స, తర్వాత కిందికి దిగి ని, ధ, ప. అంతే! మీ అమ్మకు ఇలా చెప్పు, నఠభైరవి రాగం స్వరాలు అని ఆమే అంటుంది. ఇంక ఆది తాళం వెయ్యి, ఎనిమిది అక్షరాలు: దెబ్బ, మూడు వేళ్లు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. మొదటి దెబ్బ మీద స. అది చిటికెన వేలు సగం దాకా సాగాలి, అంటే ఒకటిన్నర అక్షరం. ఆ మిగిలిన అర అక్షరంలో రెండో స. ఉంగరం వేలు దగ్గర గ మొదలై, ఉంగరం వేలు, నడి వేలు రెండింటిలోనూ గ, స, ని మూడూ సర్దుకోవాలి, రెండు అక్షరాల్లో మూడు స్వరాలు, తిశ్రంలాగా. తర్వాత వచ్చే దెబ్బ మీద సరిగ్గా ధ, విసురు మీద కూడా అదే సాగుతుంది. మళ్లీ దెబ్బ మీద ప, విసురు దాకా అదే. ఎనిమిది అక్షరాలు అయిపోయాయి, మళ్లీ మొదటి దెబ్బ, మళ్లీ స.

గిటార్ ముట్టకుండా దీన్ని నోటితో పాడుతూ చేత్తో తాళం వేస్తూ ఒక పది నిమిషాలు చెయ్యి. ధ, ప రెండూ దెబ్బ మీద వచ్చి కూర్చున్నప్పుడు నీకే అర్థమవుతుంది, ఓహో పాట ఇక్కడుందా అని. తిశ్రం ముక్క మొదట్లో కాళ్లకు అడ్డం పడుతుంది, పడనీ. నోటికి వచ్చాక గిటార్ తీసుకుంటే చెయ్యి దానంతట అదే వెనక నడుస్తుంది. నోటికి రానిది చేతికి రాదు, నేను ఇన్నేళ్లలో చూసిన ప్రతి కుర్రాడి విషయంలోనూ ఇంతే జరిగింది, నాతో సహా.

ఒక ముక్క చెప్పడం మరిచా. 2003లో వచ్చిన ఆ పాట రికార్డింగులో ఆ వరుస వాయించింది బేస్ గిటారే కాదు. ఆ బ్యాండులో ఉన్నది ఇద్దరే, గిటార్ వాయించే జాక్ వైట్, డ్రమ్స్ వాయించే మెగ్ వైట్. మామూలు గిటార్‌ని, కాలితో నొక్కి చప్పుడు మార్చే పెడల్‌తో ఒక స్థాయి కిందికి దించి అలా మోగించారు. కాబట్టి ఆ ముతక చప్పుడు నీ గిటార్‌లో రావడం లేదని బెంగ పెట్టుకోకు.

స్వరం తెలియకుండా అంకెలు చూసి వాయించేదేం సంగీతం అన్నారు కదా అమ్మ. సగం ఒప్పుకుంటా, సగం ఆమెతో వాదిస్తా. అన్నమయ్య కీర్తనలు తిరుమల కొండ మీద రాగి రేకుల్లో దొరికాయి కదా, ఆ రేకుల మీద సాహిత్యం ఉంది, పైన రాగం పేరు ఉంది, స్వరాలు లేవు. ఇవాళ మనం పాడుకునే బాణీల్లో చాలా భాగం ఇరవయ్యో శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి లాంటి పెద్దలు కూర్చుని కట్టినవి. అంటే రేకు ఉన్నా పాట పోయింది, పాడే గొంతులు మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. పోనీ స్వరాలు రాసిన పుస్తకం ఉందనుకో, గమకం ఆ పుస్తకంలో ఉంటుందా? తోడి రాగంలో గాంధారం 'గ' అనే రాసి ఉంటుంది, అది ఎలా ఊగాలో గురువు నోట వినాల్సిందే. మీ అమ్మకు ఇది నాకన్నా బాగా తెలుసు. రాసిన కాగితం అన్నిచోట్లా ఏదో ఒకటి మింగేస్తుంది, నీ ట్యాబ్ తాళాన్ని మింగింది. దాన్ని నువ్వు పాట విని బయటికి లాగాలి. వినకుండా ట్యాబ్ చూసి వాయించడం తప్పు, విని వాయిస్తూ అనుమానం వచ్చినచోట ట్యాబ్ చూడటంలో తప్పేమీ లేదు. ఇదే ఆమెకు చెప్పు, ఒప్పుకుంటుంది. ఒప్పుకోకపోతే పై వరుస పాడి వినిపించు.

నా సంగతి చెబుతా. రెండు వేల మొదట్లో నేను చిత్తూరులో ఒక ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేవాణ్ణి. పెళ్లిళ్లు, జాతరలు, వినాయక చవితి పందిళ్లు. అప్పటికే నాకు నీలాగే పది పదిహేను ఇంగ్లిష్ పాటల ట్యాబ్‌లు కంఠతా వచ్చు, ఆ పొగరు కొంచెం ఉండేది. మొదటి రిహార్సల్‌లో లీడర్ నా వాయింపు రెండు నిమిషాలు విని, 'ఖాళీ తీగ ఒక్కటే కొట్టు, ప్యాడ్ వాయించే వాడి పక్కన కూచో, వాడు కిక్, అంటే పెద్ద డ్రమ్ దెబ్బ, కొట్టినప్పుడు కొట్టు, వాడు కొట్టకపోతే నువ్వూ కొట్టొద్దు' అన్నాడు. ఎంతసేపు అనుకున్నావ్? పూతలపట్టు దగ్గర ఒక పెళ్లి, కాణిపాకంలో ఒకటి, మొత్తం నాలుగు పెళ్లిళ్లు. ఎడమ చేతికి పనే లేదు. అవమానంతో చచ్చిపోయా. నాలుగో పెళ్లిలో ఏదో పాట మధ్యలో నా దెబ్బ, కిక్ దెబ్బ రెండూ కలిసి ఒక్క చప్పుడైపోయాయి. నా తీగ మోగుతోందో లేదో నాకే వినబడలేదు, భయపడి ఆపేశా, ఆపగానే పాట కింద నేల తీసేసినట్టు అయింది. లీడర్ వెనక్కి తిరిగి చూశాడు. ఆ తర్వాతి పాట నుంచి ఎడమ చెయ్యి వాడుకోనిచ్చాడు.

నీ డ్రమ్మర్‌తో ఇదే చెయ్యి. 'విత్ ఆర్ వితౌట్ యూ' దీనికోసమే పుట్టింది. 1987లో వచ్చిన యూటూ పాట, బేస్ వాయించింది ఆడమ్ క్లేటన్. నాలుగే కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుంపులు) తిరుగుతుంటాయి: డీ, ఏ, బీ మైనర్, జీ. బేస్ ఒక్కో కార్డ్ పేరులో ఉన్న స్వరాన్నే ఎనిమిదేసి సార్లు మీటుతూ పోతుంది, తక తక తక తక. ట్యాబ్ చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆ ఎనిమిదీ ఒకే బలంతో, ఒకే ఎడంతో, నాలుగైదు నిమిషాలు, పాట మెల్లగా పైకి లేస్తుంటే నువ్వు తొందరపడకుండా వాయించడం ఉంది చూశావూ, మొదటి నెలలో అది ఎవడి వల్లా కాదు. సమానంగా టక్ టక్‌మని లెక్క కొట్టే మెట్రోనోమ్ యాప్ ఉచితంగా దొరుకుతుంది, నిమిషానికి 60 దగ్గర పెట్టుకుని మొదలుపెట్టు, తడబడకుండా మూడుసార్లు వస్తే 5 పెంచు, పాట అసలు వేగం 110 దగ్గర ఉంటుంది. వీడియో ప్లేయర్లలో పాట వేగాన్ని సగానికి, ముప్పావుకి తగ్గించుకోవచ్చు, శ్రుతి మారదు, అది వాడుకో.

కుడి చేతి గురించి నువ్వు ఒక్క ముక్క రాయలేదు, ట్యాబ్ మీద నేర్చుకున్నవాళ్లు ఎవరూ రాయరు, ట్యాబ్‌లో కుడి చెయ్యే ఉండదు కదా. చూపుడు వేలు, నడి వేలు ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి మీటాలి, ఒకే వేలితో మీటితే వేగం పెరగ్గానే అలిసిపోయి వెనకబడతావు. బొటన వేలు తీగల కింద ఉండే పికప్ మీద ఆనించు. ఏ-తీగ వాయించేటప్పుడు అదే బొటన వేలిని ఈ-తీగ మీదికి దించు, లేకపోతే నువ్వు ముట్టకపోయినా ఆ లావు తీగ కిందినుంచి గుమ్మ్ అంటూనే ఉంటుంది. గదిలో ఒక్కడివే ఉన్నప్పుడు అది పెద్దగా తెలియదు, స్టేజీ మీద పెద్ద స్పీకర్లలో వాయించేదంతా బురదగా మారేది దానివల్లే. మీటడం ఎంత ముఖ్యమో ఆపడం అంత ముఖ్యం. క్వీన్ బ్యాండ్ 'అనదర్ వన్ బైట్స్ ద డస్ట్' ఉంది కదా, 1980, జాన్ డీకన్ రాసి తనే బేస్ వాయించాడు. అందరికీ గుర్తుండే ఆ మూడు దెబ్బలూ ఖాళీ ఈ-తీగే, ట్యాబ్‌లో మూడు సున్నాలు. ఆ సున్నాలు మోగుతూ ఉండిపోతే అది ఏ పాటా కాదు. మీటిన వెంటనే కోసేసినట్టు ఆపితే, ఆ మధ్యలో వచ్చే మౌనంతో అది ఆ పాట అవుతుంది. ఖాళీ తీగను ఆపడం ఎలాగో నీకు తెలుసా? ఎడమ చేతి వేళ్లను తీగ మీద ఊరికే ఆనించాలి, నొక్కకూడదు. దీని మీద ఒక సాయంత్రం గడుపు.

ఎడమ చేతికి వస్తే, వేలు రెండు ఫ్రెట్ కమ్మీల మధ్యలో కాదు, ముందు కమ్మీకి ఆనుకుని దాని వెనకే పెట్టాలి, తక్కువ బలం సరిపోతుంది, జరజరమనే చప్పుడు పోతుంది. నీ గిటార్ మామూలు సైజుదైతే తీగ మోగే పొడవు 34 అంగుళాలు ఉంటుంది, మొదటి మెట్ల దగ్గర ఎడం ఎక్కువ, నాలుగు వేళ్లు నాలుగు మెట్ల మీద పరచాలని ప్రాణం మీదికి తెచ్చుకోకు. అక్కడ చూపుడు, నడి, చిటికెన వేళ్లతో మూడు మెట్లే పట్టుకో, ఉంగరం వేలు చిటికెన వేలికి సాయం ఉంటుంది. వేళ్ల కొసలు మండితే ఫర్వాలేదు, రెండు వారాల్లో కాయ కాస్తాయి. మణికట్టు నొప్పి పుడితే మాత్రం ఆపెయ్, ఆ రోజుకు చాలు. మణికట్టు బాగా వంచి పట్టుకుంటున్నావేమో, లేక తీగలు మెట్లకు మరీ ఎత్తుగా ఉన్నాయేమో చూడు. సీనియర్ మూలన పడేసిన గిటార్ అయితే ఎత్తు సరిచేయించాల్సి రావచ్చు, గిటార్ రిపేర్ తెలిసినవాడికి ఒకసారి చూపించు. తీగలు తుప్పు పట్టి ఉంటే కొత్తవి వేయించుకో, మద్రాసు వెళ్లే ఫ్రెండ్ ఎవడైనా ఉంటే తెచ్చిపెడతాడు, ఆన్‌లైన్లో ఎలాగూ వస్తాయి.

ట్యాబ్‌లు అబద్ధం ఆడతాయి. ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టదు. 'స్వీట్ చైల్డ్ ఓ మైన్' ట్యాబ్ నేను బస్టాండు దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో పేజీకి ఐదు రూపాయలిచ్చి ప్రింట్ తీయించా. మూడు వారాలు సాధన చేశా. క్యాసెట్ పెట్టి కూడా వాయిస్తే ప్రతి స్వరమూ పక్కన పడుతోంది, మొత్తం పాట పొడుగునా, పళ్లు పులిసినట్టు. నా చెవే మంచిది కాదేమో, నాకు సంగీతం రాదేమో అని గిటార్ అమ్మేద్దామనుకున్నా. చివరికి తెలిసిందేమిటంటే ఆ బ్యాండు గిటార్లన్నీ అర స్వరం దించి శ్రుతి చేసుకుంటుంది, ట్యాబ్ పైన మొదటి లైన్లో ఆ సంగతి రాసి ఉంటుంది, నా ప్రింట్‌లో సరిగ్గా ఆ లైనే తెగిపోయింది! రాక్‌లో ఇలా దించుకునే బ్యాండ్లు చాలా ఉన్నాయి. కొన్ని పాటలకు ఒక్క ఈ-తీగను మాత్రం ఒక స్వరం దించి డీ చేస్తారు. కాబట్టి ఏ ట్యాబ్ తీసినా ముందు పైన శ్రుతి లైను చదువు. ఆ లైను లేకపోతే పాట పెట్టి మొదటి స్వరం వెతుక్కో.

రెండో రకం అబద్ధం ఇంకా మెత్తగా ఉంటుంది. ఒకే స్వరం గిటార్‌లో రెండు మూడు చోట్ల దొరుకుతుంది. ఈ-తీగ ఐదో మెట్టు, ఖాళీ ఏ-తీగ ఒకటే స్వరం, మనం గిటార్ శ్రుతి చేసేదే ఆ లెక్క మీద. ఏ-తీగ ఐదో మెట్టు, ఖాళీ డీ-తీగ, ఈ-తీగ పదో మెట్టు, మూడూ ఒకటే. ట్యాబ్ రాసినవాడు విని రాశాడు, వాయించినవాడి చెయ్యి చూసి రాయలేదు. అందుకే ఒక్కోసారి చెయ్యి మూడో మెట్టు నుంచి పదో మెట్టుకి పరిగెత్తాల్సి వస్తే నీకు చేతకాక కాదు, వాడు రాసిన దారి బాగోలేదు. ఆ పక్కనే అదే స్వరం ఇంకో తీగ మీద ఉందేమో చూసుకుని నీ దారి నువ్వు రాసుకో. లావు తీగ మీద పైమెట్లలో మీటితే గొంతు మందంగా ఉంటుంది, సన్న తీగ మీద అదే స్వరం కాస్త మెరుస్తుంది, ఏది పాటకు దగ్గరగా ఉందో చెవి చెబుతుంది.

మూడోది అచ్చమైన తప్పు, అంకె తప్పు. దీన్ని పట్టుకోవడానికి ఒక తేలిక దారి ఉంది. రాక్ పాటల్లో కార్డ్ మారిన మొదటి దెబ్బ మీద బేస్ ఎక్కువగా ఆ కార్డ్ పేరు స్వరాన్నే వాయిస్తుంది. మీ గిటారిస్టుని కార్డ్‌లు అడిగి కాగితం మీద రాసుకో, ట్యాబ్‌లో ఆ చోట వేరే స్వరం ఉంటే అనుమానించు. ఇది చెయ్యాలంటే ఈ-తీగ మీదా ఏ-తీగ మీదా ఏ మెట్టు ఏ స్వరమో నీకు తెలిసి ఉండాలి. ఈ-తీగ మీద 3 జీ, 5 ఏ, 7 బీ, 8 సీ. ఏ-తీగ మీద 2 బీ, 3 సీ, 5 డీ, 7 ఈ. మిగతావి వీటి మధ్యలోవే. రోజుకు రెండు నేర్చుకున్నా వారంలో అయిపోతుంది. నువ్వు అడిగిన స్టాఫ్ నొటేషన్ కన్నా ఇది నీకు ఇప్పుడు వందరెట్లు పనికొస్తుంది. నొటేషన్ మంచిదే, దాంట్లో తాళం కూడా రాసి ఉంటుంది, కానీ రెండు నెలల్లో ఫెస్ట్ పెట్టుకుని కొత్త లిపి దిద్దుకోవడం దేనికి, తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. క్లాసు సంగతి కూడా అంతే. తిరుపతిలో సంగీతానికి కొదవ లేదు, టీటీడీ వాళ్ల ఎస్వీ సంగీత నృత్య కళాశాల 1959 నుంచి ఉంది, అక్కడ బేస్ గిటార్ నేర్పకపోవచ్చు గానీ మృదంగం నేర్చుకునే కుర్రాడు ఒకడు నీకు ఫ్రెండ్ అయితే నీ పంట పండినట్టే. పింక్ ఫ్లాయిడ్ 'మనీ' పాట ఏడు దెబ్బల లెక్కలో నడుస్తుంది, ఇంగ్లిష్ వీడియోల్లో దాన్ని పెద్ద కష్టంగా చెబుతారు. ఆ మృదంగం కుర్రాడి ముందు పెట్టు, తకిట తకధిమి, మిశ్రచాపులాగా ఉంది కదా అని తొడ మీద చరుస్తాడు. మధ్యలో గిటార్ సోలో దగ్గర అది నాలుగు దెబ్బల్లోకి మారుతుంది, అది కూడా నీకంటే ముందు వాడికే తెలుస్తుంది.

ఇంకో చిన్న సంగతి, కానీ నీకు పెద్దది కావచ్చు. ఫోన్ స్పీకర్‌లో పాట పెట్టి నేర్చుకోకు. ఖాళీ ఈ-తీగ సెకనుకు సుమారు 41 సార్లు ఊగుతుంది, అంత కిందిస్థాయి చప్పుడు ఫోన్‌లోని ఆ చిన్న స్పీకర్ పలికించలేదు, నీకు వినబడేది దాని నీడ మాత్రమే. హెడ్‌ఫోన్ పెట్టుకో, అది కూడా వైరు ఉన్నది. బ్లూటూత్ వాటిలో చప్పుడు రవ్వంత ఆలస్యంగా చెవికి చేరుతుంది, వినడానికి ఏమీ తేడా ఉండదు కానీ గిటార్‌ని కూడా దాంట్లోనే వింటూ సాధన చేస్తే నువ్వు ఎప్పుడూ వెనకే ఉన్నట్టు అనిపిస్తుంది. రూమ్మేట్ పడుకున్నాక గిటార్‌ని దేనికీ తగిలించకుండా ఊరికే వాయించుకో, పిర్ర గోడకు ఆనించి వాయిస్తే గోడ కొంచెం మోగి నీకు వినబడుతుంది. గిటార్ పిర్ర, నీది కాదు.

ఫెస్ట్‌కి నాలుగు పాటలు వద్దు, రెండు చాలు, నీకు బాగా వచ్చిన ఆ రెండే. మొదటి మూడు వారాలు నువ్వూ డ్రమ్మరూ ఇద్దరే కూర్చోండి, గిటారిస్టుని, పాడేవాణ్ణి గదిలోకి రానివ్వొద్దు, వాళ్లు వస్తే ఇంక మీరిద్దరూ ఒకరినొకరు వినరు. ఒకసారి ఫోన్‌లో రికార్డు చేసి మర్నాడు వినండి, అదే రోజు వినొద్దు, అదే రోజు అన్నీ బాగున్నట్టే ఉంటాయి. స్టేజీ మీద నిలబడి వాయించాలి కాబట్టి చివరి రెండు వారాలు నిలబడే సాధన చెయ్యి, కూర్చున్నప్పుడు గిటార్ ఏ ఎత్తులో ఉందో బెల్టు కూడా ఆ ఎత్తుకే బిగించు. మోకాళ్ల దాకా వేలాడేసుకుని వాయించేవాళ్లని వీడియోల్లో చూసి ఉంటావు, ఆ స్టైలు వచ్చే ఏడాది ఫెస్ట్‌కి.

నువ్వు పంపిన ఫొటో చూశా. 'విత్ ఆర్ వితౌట్ యూ' దే. మొదటి గడిలో (రెండు నిలువు గీతల మధ్య ముక్క) ఏ-తీగ మీద 5, రెండో గడిలో ఈ-తీగ మీద 5, నాలుగో గడిలో 3, బాగానే ఉన్నాయి. మూడో గడిలో ఎనిమిది సార్లూ 6 అని ఉంది. పైన నేను రాసిన కార్డ్‌లు ఒకసారి చూసుకుని, హెడ్‌ఫోన్ పెట్టి, ఆ గడి దగ్గర 6 వాయించు, తర్వాత దాని పక్క మెట్టు వాయించు. ఏది పాటలో కలిసిపోతుందో విని, పెన్నుతో దిద్దుకో. డ్రమ్మర్ నీ వైపు చూసిన వాటిలో ఒకటి రెండు దీని కోసం కూడా అయి ఉంటాయి.